సగం జీవితం లెక్క: ఇంగ్లండ్‌లో స్టూడెంట్ లోన్ ఎవరికి అందుతుంది?

ఇంగ్లండ్‌లో యూనివర్సిటీకి వెళ్లాలంటే డబ్బున్న ఇంట్లో పుట్టనక్కర్లేదని అక్కడి ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, చెబుతూనే ఉంటాయి. ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. ఫీజు మొత్తాన్ని స్టూడెంట్ లోన్స్ కంపెనీ నేరుగా యూనివర్సిటీకి కట్టేస్తుంది. అద్దెకూ తిండికీ మెయింటెనెన్స్ లోన్ వేరే ఇస్తుంది. 2023 ఆగస్టు తర్వాత కోర్సులో చేరినవాళ్లయితే ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన జీతంలో 9 శాతం చొప్పున కట్టుకుంటూ పోతారు. 40 ఏళ్లకు ఏమైనా మిగిలితే రద్దవుతుంది. తాకట్టు లేదు, హామీదారు అక్కర్లేదు. గట్టిగా అడిగేది ఒక్కటే: ఈ దేశంలో నీ హోదా ఏమిటి?

ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయేవాళ్లలో అందరూ చదువు కోసం వీసా తీసుకుని విమానం ఎక్కిన విదేశీ విద్యార్థులు కారు. నాలుగేళ్ల వయసులోనో ఎనిమిదేళ్ల వయసులోనో అమ్మానాన్నల వెంట వచ్చి, అక్కడి బడిలోనే అక్షరాలు నేర్చుకుని, అక్కడి యాసలోనే మాట్లాడే పిల్లలూ వీళ్లలో ఉన్నారు. ఐదు నుంచి పదహారేళ్ల వరకు చదువు అందరికీ తప్పనిసరి కాబట్టి, స్కూల్లో ఉన్నంతకాలం వీసా సంగతి ఎవరూ పట్టించుకోరు. లోన్ ఫారం నింపేటప్పుడే పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడికీ తనకూ చట్టం దృష్టిలో ఇంత తేడా ఉందని చాలామందికి మొదటిసారి తెలుస్తుంది.

నియమం పైకి సులువుగానే ఉంటుంది. కోర్సు మొదలయ్యేనాటికి విద్యార్థి 'సెటిల్డ్' అయి ఉండాలి. అంతకుముందు మూడేళ్లు అక్కడ నివాసం ఉండాలి. 1971 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం సెటిల్డ్ అంటే ఇన్నేళ్లే ఉండాలన్న గడువు లేకుండా ఉండగలిగే మనిషి. వాడుకలో చెప్పాలంటే బ్రిటిష్ పౌరసత్వమో, ఐఎల్ఆర్ అనే శాశ్వత నివాస అనుమతో ఉన్నవాళ్లు. శరణార్థి హోదా వచ్చినవాళ్లకు, ఉక్రెయిన్ పథకాల కింద వచ్చినవాళ్లకు వేరే దారులు ఉన్నాయి. ఇవేవీ కాకుండా రెండున్నరేళ్లకోసారి రెన్యూ చేసుకునే తాత్కాలిక అనుమతితో బతికే పిల్లలు మధ్యలో మిగిలిపోతారు. వాళ్లు ఉద్యోగం చేయవచ్చు, పన్ను కట్టాలి కూడా. లోన్ మాత్రం రాదు. చాలా సందర్భాల్లో లోన్ రానివాళ్లను యూనివర్సిటీ 'హోమ్' ఫీజు కింద కాక 'ఓవర్సీస్' ఫీజు కింద లెక్కగడుతుంది. హోమ్ ఫీజుకు ప్రభుత్వం విధించిన పరిమితి ఉంది, 2025-26లో అది ఏడాదికి 9,535 పౌండ్లు. ఓవర్సీస్ ఫీజుకు అలాంటి పరిమితి ఏదీ లేదు.

ఈ పరిస్థితి ఎవరో ఒకరు పనిగట్టుకుని తెచ్చింది కాదు. 2011కు ముందు డిస్క్రిషనరీ లీవ్ (మామూలు వీసా నియమాలకు బయట, అధికారుల విచక్షణ మీద ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద ఉన్న పిల్లలకు మూడేళ్ల నివాసం ఉంటే లోన్ దొరికేది. 2011 నిబంధనల్లో ఆ వెసులుబాటు తీసేశారు. 2012లో ఫీజు పరిమితి 3,375 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 9,000కు పెరిగింది. అదే ఏడాది జూలైలో వీసాలు చూసే హోమ్ ఆఫీస్ తన నియమాలు మార్చడంతో, ఆరేళ్లలో ఐఎల్ఆర్‌కు చేరే దారి పదేళ్లకు సాగింది. ఒకటి లోన్ లెక్క, ఒకటి యూనివర్సిటీల బడ్జెట్ లెక్క, ఇంకొకటి వలసల లెక్క. ఎవరి కారణాలు వాళ్లవి. కానీ మూడు దెబ్బలూ పడింది ఒకే పిల్లల మీద. లోన్ అవసరం దాదాపు మూడింతలైన రోజుల్లోనే లోన్ తలుపు మూసుకుంది, దాన్ని తెరిచే ఐఎల్ఆర్ మరో నాలుగేళ్లు వెనక్కి జరిగింది.

దీన్ని కోర్టుకు తీసుకెళ్లింది జాంబియాలో పుట్టిన ఒక విద్యార్థిని. 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆమె ఇంటిపేరుతోనే 'టిగెరే కేసు'గా నిలిచిపోయింది. 2001లో, ఆరేళ్ల వయసులో, విద్యార్థి వీసాపై ఉన్న తండ్రి దగ్గరికి తల్లితో కలిసి వచ్చింది. తర్వాత తండ్రి వెళ్లిపోయాడు, తల్లీకూతుళ్లు వీసా గడువు దాటినా అక్కడే ఉండిపోయారు. 2012లో ఆమెకు డిస్క్రిషనరీ లీవ్ వచ్చింది. చదువులో ముందుండేది, స్కూల్లో హెడ్ గర్ల్, యూనివర్సిటీ సీట్లు కూడా వచ్చాయి. ఐఎల్ఆర్‌కు దరఖాస్తు చేసుకునే వీలు మాత్రం 2018 దాకా లేదు. అంటే తోటివాళ్లు డిగ్రీ పట్టా పుచ్చుకుని ఉద్యోగాల్లో చేరేదాకా ఆమె ఆగాలి.

అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆమె వైపు నిలిచారు, ఇద్దరు వ్యతిరేకించారు. యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని చదువు హక్కును వివక్ష నిషేధంతో కలిపి చదివి, లోన్‌కు సెటిల్మెంట్ తప్పనిసరి అనే నియమం ఆమె విషయంలో చెల్లదని మెజారిటీ తేల్చింది. ఆ ముగ్గురిలో ఒకరైన లేడీ హేల్ తీర్పులో వాదన సూటిగా ఉంటుంది. దేశంతో గట్టి బంధం ఉన్నవాళ్లకు, ఇక్కడే ఉండి పని చేసి అప్పు తీర్చేవాళ్లకు డబ్బు ఇవ్వాలన్న ఉద్దేశం సరైనదే. అయితే ఈ పిల్ల చదువంతా ఇక్కడే సాగింది. ఈమెను వెనక్కి పంపే ఉద్దేశం ప్రభుత్వానికే లేదు. గడువు నిండితే ఐఎల్ఆర్ రావడం దాదాపు ఖాయం. బంధాన్ని కొలవడమే లక్ష్యమైతే సెటిల్మెంట్ అనే ఈ గీత దాన్ని సరిగా కొలవడం లేదు. 2011 నిబంధనలు రాసేటప్పుడు ఇలాంటి పిల్లల సంగతి ప్రభుత్వం ప్రత్యేకంగా ఆలోచించిన దాఖలా కూడా కోర్టుకు కనిపించలేదు.

ఓడిన వాదనను కూడా తేలిగ్గా తీసేయలేం. లార్డ్ సంప్షన్, లార్డ్ రీడ్ కలిసి రాసిన భిన్నాభిప్రాయం సారాంశం ఇది. స్టూడెంట్ లోన్ పేరుకే అప్పు, అందులో కొంత భాగం ఎప్పటికీ తిరిగి రాదు కాబట్టి అది సబ్సిడీయే. ఉన్న డబ్బును ఎవరికి పంచాలో తేల్చుకునే అధికారం ప్రభుత్వానిది. లక్షల దరఖాస్తులు చూసే వ్యవస్థకు స్పష్టమైన గీత ఒకటి ఉండాలి, ఎక్కడ గీసినా దానికి అంగుళం బయట ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. ఇదంతా ఒప్పుకోదగ్గదే. గీత అవసరమే, సందేహం లేదు. సమస్యల్లా దాన్ని ఎక్కడ గీశారన్నదే. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న కుర్రాడు డిగ్రీ అయిన మర్నాడే ఆస్ట్రేలియా వెళ్లిపోవచ్చు, అతనికి లోన్ ఇచ్చేటప్పుడు ఎవరూ ఆ ప్రశ్న వేయరు. వేరే దేశానికి వెళ్లే వీలు అతనికంటే తక్కువ ఉన్న పిల్లని పట్టుకుని "నువ్వు ఇక్కడే ఉంటావన్న నమ్మకం ఏమిటి" అని అడగడంలోనే ఈ నియమం బలహీనత బయటపడుతుంది.

తీర్పు తర్వాత 2016లో ప్రభుత్వం 'లాంగ్ రెసిడెన్స్' అనే కొత్త కేటగిరీ తెచ్చింది. కోర్సు మొదటి విద్యాసంవత్సరం మొదలయ్యే రోజుకు 18 ఏళ్లు నిండనివాళ్లయితే ఏడేళ్లుగా దేశంలో ఉండాలి. 18 నిండినవాళ్లయితే తమ జీవితంలో కనీసం సగమో, లేదంటే 20 ఏళ్లో అక్కడ గడిపి ఉండాలి. రెండు వర్గాలకూ ఉమ్మడి షరతు, చివరి మూడేళ్లు చట్టబద్ధమైన అనుమతితో ఉండాలి. ఈ మూడేళ్ల షరతును టిగెరే కేసులో కోర్టు కొట్టేయలేదు. సగం జీవితం లెక్కలో మాత్రం అనుమతి లేకుండా గడిపిన ఏళ్లు కూడా కలుస్తాయి. ఈ కేటగిరీలో ఫీజు లోన్, మెయింటెనెన్స్ లోన్ రెండూ వస్తాయి. వందలాది మందికి కాలేజీ తలుపు తెరిచిన నియమం అంటూ దీన్ని పొగిడేముందు కాస్త కూడికలు తీసివేతలు చేసి చూడాలి.

మొదట ఏడేళ్ల వెసులుబాటు. కాగితం మీద ఉదారంగానే కనిపిస్తుంది, పదేళ్ల వయసులో వచ్చిన పిల్లకూ సరిపోతుంది. కానీ ఇంగ్లండ్ స్కూల్ క్యాలెండర్‌తో కలిపి చూస్తే సంగతి తెలుస్తుంది. అక్కడ ఒక తరగతిలో సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఏడాది ఆగస్టు 31 వరకు పుట్టినవాళ్లంతా ఉంటారు. స్కూల్ చివరి తరగతి ఇయర్ 13 ముగించి అదే ఏడాది యూనివర్సిటీకి వెళ్లేవాళ్లలో అందరికంటే చిన్నవాడు ఆగస్టు 31న పుట్టినవాడు, అతనికీ ఆ రోజుతో 18 నిండుతాయి. శరదృతువులో మొదలయ్యే కోర్సులకు లోన్ దరఖాస్తులు పరిశీలించే స్టూడెంట్ ఫైనాన్స్ విభాగం చూసే తేదీ సెప్టెంబరు 1. అంటే మామూలు వరుసలో చదివిన పిల్లల్లో ఆ తేదీకి 18 నిండనివాళ్లు ఎవరూ ఉండరు. తరగతి దాటి ముందుకెళ్లిన ఏ అరుదైన విద్యార్థికో తప్ప ఏడేళ్ల వెసులుబాటు ఎవరికీ అందదు.

మిగిలింది సగం జీవితం లెక్క. దీని గణితం మరీ తేలిక: ఎన్నో ఏట వస్తే, దానికి రెట్టింపు వయసులో అర్హత. ఆరేళ్లకు వచ్చినవాళ్లు పన్నెండుకే దాటేస్తారు, వాళ్లకు చిక్కు లేదు. తొమ్మిదేళ్లకు వచ్చినవాళ్లు సరిగ్గా పద్దెనిమిదికి గట్టెక్కుతారు, అదీ వచ్చిన నెల కలిసొస్తే. పదకొండేళ్లకు వచ్చిన పిల్ల ఇరవై రెండు దాకా ఆగాలి. పదమూడేళ్లకు వచ్చినవాడికి ఇరవై ఆరు. పదకొండేళ్లకు వచ్చిన పిల్ల సెకండరీ స్కూల్ మొత్తం, ఏడేళ్లు, అక్కడే చదివింది. ఎనిమిదికి వచ్చిన తమ్ముడికి లోన్ వస్తుంది, అక్కకు రాదు. ఒకే విమానంలో దిగి, ఒకే ఇంట్లో పెరిగి, ఒకే రోజు వీసా రెన్యూ చేసుకునే ఇద్దరిలో దేశంతో ఎవరి బంధం ఎక్కువో ఈ లెక్క ఎలా తేల్చగలదో అర్థం కాదు.

మూడేళ్ల చట్టబద్ధ నివాసం షరతు సగం జీవితం అంత వింతగా కనిపించదు కానీ, అసలు దెబ్బ ఎక్కువగా అక్కడే తగులుతుంది. కారణం డబ్బు. 2025 ఏప్రిల్ నాటి రేట్ల ప్రకారం రెండున్నరేళ్ల అనుమతికి దరఖాస్తు ఫీజు 1,321 పౌండ్లు. దానిపైన ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035. అంటే ఒక మనిషికి ఒకసారికి 3,900 పౌండ్ల పైమాటే. పదేళ్ల దారిలో ఇది నాలుగుసార్లు కట్టాక గానీ ఐఎల్ఆర్ దరఖాస్తు దాకా రారు, దానికి మళ్లీ వేరే ఫీజు. 2015లో ఈ సర్‌చార్జి మొదలైనప్పుడు ఏడాదికి 200 పౌండ్లు మాత్రమే. తల్లి, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంట్లో అందరికీ ఒకేసారి కట్టలేక ఒక్కొక్కరి దరఖాస్తూ వాయిదా వేసుకోవడం అర్థం కాని విషయమేమీ కాదు. నిజంగా కట్టలేనివాళ్లకు ఫీజు మినహాయింపు ఉంది, కానీ దానికి బ్యాంకు స్టేట్‌మెంట్లతో ఇంకో దరఖాస్తు, ఇంకో నిరీక్షణ.

అనుమతి గడువు లోపే రెన్యూవల్‌కు పెడితే, నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతి చట్టం ప్రకారం కొనసాగుతుంది. గడువు దాటాక పెడితే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. హోమ్ ఆఫీస్ ఆ ఖాళీని క్షమించి కొత్త అనుమతి ఇచ్చినా, ఏళ్ల తర్వాత లోన్ అడిగినప్పుడు మూడేళ్ల లెక్క దాని దగ్గర తెగిపోయే ప్రమాదం ఉంది. పదిహేనేళ్ల పిల్లాడి వీసా రెన్యూవల్ వారం ఆలస్యమైతే అది ఎప్పుడో యూనివర్సిటీ సీటుకు అడ్డుపడుతుందని ఏ తల్లికి తోస్తుంది? ఈ షరతు వెనుక ఉద్దేశం చట్టం పాటించినవాళ్లకే సాయం అన్నదైతే, ఆ చట్టాన్ని పాటించాల్సింది పిల్లలు కాదు, వాళ్ల తరఫున సంతకం పెట్టే పెద్దలు.

ఇక్కడ తరచూ జరిగే ఒక పొరపాటును చెప్పుకోవాలి. చాలామంది వీసాలపై 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ నిధుల సాయం తీసుకోకూడదు అనే షరతు ఉంటుంది. అది చూసి లోన్‌కు అప్లై చేస్తే వీసాకే ముప్పు అనుకుని కుటుంబాలు టెన్షన్ పడుతుంటాయి. ఇమ్మిగ్రేషన్ నియమాల్లో పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉన్నవి కొన్ని భృతులు, ప్రభుత్వ గృహవసతి లాంటివి. స్టూడెంట్ లోన్ ఆ జాబితాలో లేదు. అర్హత ఉంటే అడగడంలో తప్పేమీ లేదు.

అక్కడే పుట్టిన పిల్లల సంగతి ఇంకా విచిత్రం. 1983 నుంచి బ్రిటన్‌లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, పుట్టేనాటికి అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులో, సెటిల్డో అయి ఉండాలి. లేకపోతే, పుట్టిన దగ్గర్నుంచి మొదటి పదేళ్లు అక్కడే గడిపిన బిడ్డకు పౌరుడిగా నమోదు చేసుకునే హక్కు ఉంది, తల్లిదండ్రుల వీసా హోదాతో నిమిత్తం లేదు. హక్కు దానంతట అది అమలు కాదు, దరఖాస్తు పెట్టాలి, 2025లో దాని ఫీజు వెయ్యి పౌండ్లు దాటేది. ఇలా నమోదు కాకుండా పద్దెనిమిదికి చేరిన పిల్లలు లోన్ ఫారం దగ్గర తాము విదేశీయులమని తెలుసుకుంటారు. నిజానికి ఎనిమిదేళ్లుగా వాళ్ల చేతిలో పౌరసత్వ హక్కు ఉంది. సమస్య లోన్ నియమానిది అనిపించినా వీళ్ల విషయంలో పరిష్కారం మాత్రం నేషనాలిటీ చట్టంలో ఉంది. అందుకే లోన్ తిరస్కరణ లేఖ వచ్చిన వెంటనే చూసుకోవాల్సింది ఆ తిరస్కరణ న్యాయమా కాదా అన్నది కాదు, పుట్టిన ఊరు, తేదీ.

2022 జూన్‌లో హోమ్ ఆఫీస్ కొంత సడలించింది. చిన్నప్పుడే వచ్చి సగం జీవితం అక్కడ గడిపిన 18-24 ఏళ్ల యువతకు పదేళ్లకు బదులు ఐదేళ్లలో ఐఎల్ఆర్ వచ్చే వీలు కల్పించింది. మంచి మార్పే. కాకపోతే లాంగ్ రెసిడెన్స్ లోన్ కూడా సగం జీవితం మీదే నిలబడి ఉంది కాబట్టి, పదకొండేళ్లకు వచ్చిన ఆ అక్కకు ఈ సడలింపు పద్దెనిమిదో ఏట ఏ సాయమూ చేయదు.

అదే దేశంలో, కొన్ని గంటల రైలు ప్రయాణం దూరంలో, ఇదంతా వేరేగా ఉంది. స్కాట్లండ్‌లో స్టూడెంట్ ఫండింగ్ నియమాలు వేరు. అక్కడా ఇంచుమించు ఇలాంటి లాంగ్ రెసిడెన్స్ నియమమే ఉండేది. ఇరాక్ నుంచి చిన్నప్పుడు వచ్చి అబర్డీన్‌లో మెడిసిన్ చదువుతున్న ఒక విద్యార్థిని సగం జీవితం లెక్కలో కొద్దిపాటి తేడాతో తప్పిపోయింది. ఆమె వేసిన కేసులో 2022లో స్కాట్లండ్ అత్యున్నత సివిల్ కోర్టు అయిన కోర్ట్ ఆఫ్ సెషన్ ఆ నియమం చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. దాంతో స్కాట్లండ్ ప్రభుత్వం 2023-24 నుంచి సగం జీవితం లెక్కను పక్కన పెట్టి, మూడేళ్ల నివాసాన్నే ముఖ్య ప్రమాణంగా తీసుకుంది. లక్షల దరఖాస్తులు చూసే వ్యవస్థకు స్పష్టమైన గీత కావాలన్న సంప్షన్ వాదన గుర్తుందా? మూడేళ్లు అన్నదీ స్పష్టమైన గీతే. చెప్పాలంటే, పుట్టిన తేదీ, వచ్చిన తేదీ, రెండింటి మధ్య భాగహారం అవసరమైన ఇంగ్లండ్ నియమం కంటే ఇదే సులువు.

ఇంగ్లండ్ లోపల కూడా ఇలాంటి ఉదాహరణ ఉంది. అప్రెంటిస్‌షిప్‌లకు ప్రభుత్వం ఇచ్చే శిక్షణ నిధుల విషయంలో, చదువు వీసా కాని అనుమతితో మూడేళ్లుగా నివసిస్తున్నవాళ్లను అర్హులుగానే చూస్తారు, సగం జీవితం నిరూపించుకోనక్కర్లేదు. అక్కడ ఇచ్చేది తిరిగి రాని డబ్బు. తిరిగి రాని డబ్బుకు తేలిక నియమం, తిరిగి కట్టాల్సిన అప్పుకు కఠిన నియమం. రెండూ ఒకే ప్రభుత్వానివి. సీటు వచ్చీ లోన్ రాని పిల్లలు డిగ్రీ అప్రెంటిస్‌షిప్ వైపు చూడటానికి ఇదో కారణం. కొన్ని యూనివర్సిటీలు 'శాంక్చురీ' (ఆశ్రయం) స్కాలర్‌షిప్‌ల పేరుతో ఫీజు మాఫీ చేస్తాయి. వాటి సంఖ్య తక్కువ, పోటీ ఎక్కువ.

ఇప్పటిదాకా ఈ చర్చలో స్కిల్డ్ వర్కర్ వీసా మీద వెళ్లిన కుటుంబాల ప్రస్తావన పెద్దగా రాలేదు. బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాల్లో చాలామంది దారి అదే. 2025 నాటి నియమం ప్రకారం ఐదేళ్లకు ఐఎల్ఆర్ వస్తుంది కాబట్టి వాళ్లకు సగం జీవితం లెక్కతో పని పడేది కాదు. పదకొండేళ్ల కూతురితో వెళ్తే పదహారుకే కుటుంబం మొత్తం సెటిల్డ్, పద్దెనిమిదికి లోన్ సిద్ధం. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలతో వెళ్లినవాళ్లకే కొంచెం తికమక ఉండేది. 2025 మేలో ప్రభుత్వం విడుదల చేసిన ఇమ్మిగ్రేషన్ శ్వేతపత్రం సెటిల్మెంట్‌కు మామూలు గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. దేశ ఆర్థిక వ్యవస్థకూ సమాజానికీ చేసిన మేలును బట్టి కొందరికి ఆ గడువు తగ్గవచ్చని కూడా చెప్పింది. పదేళ్ల లెక్కే వర్తించే ఇంట్లో ఆ పదకొండేళ్ల కూతురికి ఐఎల్ఆర్ వచ్చేది ఇరవై ఒకటికి, సగం జీవితం నిండేది ఇరవై రెండుకు. ఇన్నాళ్లూ కొద్దిమందికే తగిలిన నియమం అప్పుడు మంచి జీతాలు తీసుకునే ఇంజినీర్ల, నర్సుల ఇళ్లలోకీ వస్తుంది. 2011-12లో ఒకదానితో ఒకటి పొంతన లేకుండా తీసుకున్న మూడు నిర్ణయాల కథే మళ్లీ జరిగేలా ఉంది: సెటిల్మెంట్ గడువు పెంచేవాళ్లు హోమ్ ఆఫీస్ వాళ్లు, లోన్ నియమం విద్యాశాఖది.

ఇలాంటి ఇళ్లలో ఇప్పుడే చూసుకోవాల్సిన తేదీలు రెండు. ఒకటి, పిల్లలు ఆ దేశంలో అడుగుపెట్టిన తేదీ. పాత పాస్‌పోర్టు ముద్రలు, స్కూల్ అడ్మిషన్ లేఖలు, జీపీ (ఇంటి దగ్గరి డాక్టరు) దగ్గర రిజిస్టరైన కాగితాలు దానికి రుజువులు, వాటిని పారేయకూడదు. రెండోది, కోర్సు మొదటి ఏడాదికి సంబంధించిన సెప్టెంబరు 1. ఆ రోజుకు ఐఎల్ఆర్ మంజూరై ఉండాలి, దరఖాస్తు పెండింగులో ఉంటే సరిపోదు. నిర్ణయం అక్టోబరులో వస్తుందనుకుంటే, కోర్సులో చేరిపోయి ఓవర్సీస్ ఫీజు భారం నెత్తిన వేసుకోవడం కంటే యూనివర్సిటీని అడిగి సీటును ఏడాది వాయిదా వేయించుకోవడమే చాలా ఇళ్లకు నయం.